ఇల్లు అడగడం నేర్చుకున్న గురువారాలు

ముప్పై ఏళ్ళ కిందట అమలాపురంలో అద్దె ఇల్లు చూడ్డానికి వెళితే, ఇంటాయన పడక్కుర్చీలోంచి కదలకుండా "ఇంతకీ మీరేవిట్లండీ?" అని అడిగాడు. మా వైపు ఈ ప్రశ్నకి ఒక్కటే అర్థం. మీ కులమేదీ అని. నేను మడమలు రెండూ కలిపి నిటారుగా నిలబడి, "మాది మిలట్రీ అండి. మీరు ఆ కుర్చీలో అలా పడుకోగలుగుతున్నారంటే మేం అక్కడ మేలుకోబట్టే" అన్నాను. ఆయన లేచాడు. భుజమ్మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. తాళంచెవి రెండు చేతులతో అందించాడు. మేం ఖాళీ చేసిన రోజున వాళ్ళావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడాను.

ఈ కథ నేను చెప్పని చోటు లేదు. పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, ముక్తేశ్వరం ఆటోల్లో చెప్పాను, కంటి ఆపరేషను బల్ల మీద పడుకుని డాక్టరుకీ చెప్పాను. గురువారం గుంపులో మొదటి రోజే చెప్పేశాను.

గురువారం గుంపు అంటే మేం ఎనిమిదిమందిమి. అందరం రిటైరైన సిపాయిలమే, అందరం ఊరి చివర దళితపేటల్లో పుట్టినవాళ్ళమే. పటాలంలో ఉన్నన్నాళ్ళూ మాకు హోదా ఉంది, నంబరు ఉంది. ఊరికి వచ్చాక మళ్ళీ పేట ఒక్కటే మిగిలింది. టీ కొట్టు దగ్గర, పంచాయితీ ఆఫీసులో, పెళ్ళి భోజనాల్లో ఎవరో ఒకరు ఒక్క మాటతో దాన్ని గుర్తు చేస్తారు. ఆ మాటలకి నిద్ర పట్టనివాళ్ళు, ఊరికే కోపం వచ్చేవాళ్ళు, ఇంట్లోంచి కదలనివాళ్ళు వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవాలని కాకినాడ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చేది. అమలాపురంలో మా చర్చి వెనక గది ఇచ్చారు. మొదట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తూటాకి జంకనివాణ్ణి మాటకి జంకుతానా అనుకున్నాను. నిజానికి నా వైపు తూటా ఒక్కటీ రాలేదు. నేను లారీ డ్రైవర్ని. అదలా ఉంచండి.

డాక్టరమ్మ కుర్చీలు గుండ్రంగా వేయించింది, పెద్దా చిన్నా తేడా ఉండకూడదని. గుండ్రానికి మొదలెక్కడో మేం కనిపెట్టాం. సుబేదారుగారు ఫ్యాను కింద కూర్చున్నారు. ఆయన పక్కన హవల్దారు, ఆ తర్వాత నాయక్‌నైన నేను, నా తర్వాత మిగతావాళ్ళు హోదా ప్రకారం. "ఎలా ఉన్నారండీ?" అని ఆవిడ అడిగితే ఎనిమిది గొంతులూ ఒక్కసారే "అంతా బాగానే ఉందండి మేడమ్" అన్నాయి.

రెండో వారం ఆవిడ తలా ఒక కాగితం ఇచ్చింది. "మిమ్మల్ని బాగా బాధపెట్టిన సంగతి ఒక్కటి రాయండి. పేరు అక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు" అంది. చేతికి కాగితమిచ్చి బాధ రాయమంటే సిపాయి ఏం రాస్తాడు? అర్జీ రాస్తాడు. మేమందరం తేదీ వేశాం, సర్వీసు నంబరు వేశాం, 'గౌరవనీయులైన మేడమ్ గారికి' అని మొదలెట్టాం. పైగా అర్జీ సరాసరి పైకి పోకూడదు కదా. కింది నుంచి ఒక్కొక్కరూ పైవాడికి అందించాం. నాదీ నా కిందవాళ్ళవీ హవల్దారు చేతికి, అన్నీ కలిపి సుబేదారుగారి చేతికి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ప్రతిదాని అడుగునా 'సిఫార్సు చేయడమైనది' అని రాసి సంతకం పెట్టి, కట్ట సరిచేసి డాక్టరమ్మకి ఇచ్చారు.

ఆవిడ నవ్వలేదు. ఒక్కో కాగితం తిప్పుతూ ఒక దాని దగ్గర ఆగింది. పైన 'విషయం: అద్దె ఇల్లు గురించి' అని ఉంది. కింద ఏమీ లేదు. అంతా తెలుపు. అడుగున హవల్దారు సంతకం, దాని కింద సుబేదారుగారి సిఫార్సు.

"ఇందులో ఏమీ రాయలేదు కదండీ. దేనికి సిఫార్సు చేసేరండి?" అని అడిగింది.

"ఏం రాస్తాడో నాకు తెలుసండి మేడమ్," అన్నారు సుబేదారుగారు. "మా అబ్బాయిక్కూడా ఇవ్వలేదండి."

అప్పుడు హవల్దారు నోరు విప్పాడు. వయసులో మా అందరికన్నా చిన్నవాడు, నగరమనే ఊరి పక్క పల్లె, నన్ను బాబాయ్‌గారూ అంటాడు. కూతురికి అమలాపురం కాలేజీలో డిగ్రీ సీటొచ్చింది, హాస్టల్లో చోటు దొరకలేదు. తల్లీ కూతురూ ఉండడానికి రెండు గదులు చాలు. నాలుగు ఇళ్ళు అడిగాడు. నాలుగు చోట్లా గదులు చూపించారు, నీళ్ళు తిప్పి చూపించారు, చివర్లో ఆ ప్రశ్న అడిగారు. జవాబు చెప్పగానే ఆ ఇల్లు అంతకుముందే ఎవరికో మాటిచ్చినట్టు వాళ్ళకి గుర్తొచ్చింది. నాలుగో ఇంటి తర్వాత ఏ గేటు ముందు నిలబడినా అతనికి గుండె పట్టేసేది. పరీక్షలు చేయిస్తే గుండె బాగానే ఉందన్నారు. "మూడు వారాల్లో కాలేజీ తెరుస్తారండి. 'చదువు మానేస్తాలే నాన్నా, నువ్వింక అడక్కు' అంటోందండి మా పాప" అని చెప్పి తల దించుకున్నాడు.

ఆ పై గురువారం డాక్టరమ్మ, "ముందు ఇక్కడ అడిగి చూద్దామండి. ఒకరు ఇంటాయన అవండి" అంది. ఇలాంటివాటికి నేను చెయ్యెత్తకుండా ఉండగలనా? కుర్చీలో వెనక్కి వాలాను, కాళ్ళు చాపాను, నోట్లో లేని కిళ్ళీని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చాను. లోపలెక్కడో ఉన్న పెళ్ళాన్ని కాఫీ తెమ్మని కేకేశాను. అందరూ పడీ పడీ నవ్వారు. గుమ్మం దగ్గర నిలబడ్డ హవల్దారూ నవ్వుతున్నాడు.

"ఇల్లు ఖాళీగా ఉందన్నారండి."

"ఉందండీ, ఉంది. నీళ్ళు తియ్యగా ఉంటాయి. కిటికీ తీస్తే గోదారి గాలి. ఇంతకీ మీరేవిట్లండీ?"

నవ్వు అతని మొహమ్మీద అలాగే ఉండిపోయింది, మనిషి మాత్రం లేడు. చెయ్యి చొక్కా గుండీ దగ్గరికి వెళ్ళింది. కుర్చీలు అన్ని ఉండగా నేల మీద చతికిలబడ్డాడు. డాక్టరమ్మ వెళ్ళి పక్కనే నేల మీద కూర్చుని, నెమ్మదిగా లెక్కపెడుతూ ఊపిరి తీయించింది. నేను కాళ్ళు ముడుచుకున్నాను. లేని కిళ్ళీని ఎక్కడ ఉమ్మాలో తెలియలేదు.

కాసేపటికి సుబేదారుగారు నా వైపు తిరిగారు. "ఆ రోజు నువ్వు గట్టి జవాబు చెప్పేవు కదా. అది మనవాడికి నేర్పు."

"ఆయ్, చెప్పండి బాబాయ్‌గారూ," అన్నాడు హవల్దారు, నేల మీంచే. "రేపు అదే అంటానండి."

ఆ కథ ముప్పై ఏళ్ళుగా నాకు ఎంత ముద్దో. కానీ ఈ అబ్బాయి దాన్ని పట్టుకుని నిజంగానే ఒక గేటు ముందుకి వెళ్ళబోతున్నాడు.

"నేనలా అనలేదు నాయనా," అన్నాను. "వేరే కులం పేరు చెప్పేను. ఇల్లిచ్చేరు."

 మిగతాది కూడా చెప్పేశాను. యేసుప్రభువు పటం ట్రంకుపెట్టెలో చీరల మడతల్లో పెట్టాం. ఆదివారం బైబిలు కూరల సంచిలో పెట్టుకుని, పైన నాలుగు వంకాయలు వేసుకుని చర్చికి వెళ్ళేవాళ్ళం. బొట్టు బిళ్ళల అట్ట నేనే కొన్నాను. నాలుగో నెలలో మా మేనమామ వచ్చి, గేటు దగ్గరే వీధంతా వినపడేలా, మా చర్చి పలకరింపుతో "వందనాలమ్మా" అన్నాడు. మర్నాడే ఇంటాయన, పెద్దమ్మాయి పురిటికొస్తోంది, ఇల్లు కావాలన్నాడు. వాళ్ళకి కూతుళ్ళు లేరు.

"పిన్నిగారేమన్నారండి?" అని అడిగాడు హవల్దారు.

"ఏమంటుంది? అలవాటు లేదు కదా, బొట్టు కాస్త పక్కకి పెట్టుకునేది. నేనే సరిచేసేవాణ్ణి."

నా భార్య పోయి ఆరేళ్ళయింది. ఆ బొట్టు సంగతి నేనెవరికీ చెప్పలేదు, ఆమె దగ్గర కూడా ఎప్పుడూ ఎత్తలేదు. హవల్దారు లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. సుబేదారుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నేనైతే ఇల్లే అడగలేదు. రిటైరయ్యాక టౌన్లో ఉద్యోగానికి పేటలోంచే ఇరవయ్యేళ్ళు బస్సులో తిరిగేను" అన్నారు.

ఆ రోజు ఎనిమిదిమందిమీ వంతులవారీగా గుమ్మం దగ్గర నిలబడి ఇల్లు అడిగాం. "ఇవ్వకపోవడం వాళ్ళు చేసే పనండి. దాన్ని మీ ఇంటికి మోసుకెళ్ళకండి" అంటుండేది డాక్టరమ్మ. నా వంతు వచ్చినప్పుడు "మాది పేటండి" అనడానికి నాకు మూడుసార్లు పట్టింది. హవల్దారుకి ఒక్కసారే.

సోమవారం నేను అతన్ని వెంటబెట్టుకుని కాలేజీ వెనక వీధికి వెళ్ళాను. ఇంటాయన ప్రశ్న అడగబోతుంటే చెయ్యెత్తి ఆపి, పేట గురించీ పటాలం గురించీ నాలుగు మాటలు చెప్పాను. ఆయన విన్నాడు. కొంచెం ఆలోచించాడు. ఇల్లిచ్చాడు.

ఇదంతా రాసి, కిందటి గురువారం హవల్దారుకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"మీరు గేటు లోపలికే రాలేదండి బాబాయ్‌గారూ," అన్నాడు. "ఎదురుగా కొబ్బరి బొండాల బండి దగ్గర ఉండిపోయేరు. అడిగింది నేనండి. ఆయన అడక్కముందే మాది పేటండి అన్నాను. ఇవ్వనన్నారు. పక్కింట్లోనూ ఇవ్వలేదు. గుండె పట్టలేదండి, అందుకని మూడో ఇల్లు అడిగేను. అక్కడ ఇచ్చేరు. ఆ ఇంటావిడకి మీరొకరు ఉన్నారనే తెలీదు. అప్పటికి మీరు రెండో బొండాం తాగుతున్నారండి."