అంబలి కుండలో కొత్త తోడు

కోదాడ బస్సు కోసం సూర్యాపేట బస్టాండులో గబగబా నడుస్తున్నాను. వెనక నుంచి పండ్ల బండాయన కేకేశాడు.

"ఓ అమ్మా, నీ చెప్పు గాడ పడ్డది సూడు."

కిందికి చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది. ఎండకు కాలిన సిమెంటు మీద అంత దూరం నడిచినా పాదం చురుక్కుమనలేదు. అప్పుడు పట్టుకున్న భయం ఇప్పటికీ వదల్లేదు.

దవాఖానలో రక్తం చూసి, బి12 విటమిన్ బాగా తగ్గి పాదాల నరాలు మొద్దుబారాయన్నారు. మెడలో తులసిమాల పడ్డప్పటి నుంచి నేను మాంసం, గుడ్డు ముట్టను. పాలు, పెరుగు కూడా పెద్దగా తీసుకోను. డాక్టరమ్మ ఇంజెక్షన్లు రాసి, ఆలస్యం చేస్తే నరాలు కోలుకోవడం కష్టమని చెప్పింది. నాకేమో సూదిని చూస్తేనే కాళ్లూ చేతులూ చల్లబడతాయి.

మా అమ్మాయి మిర్యాలగూడలో కాలేజీ పిల్లలకు సూక్ష్మజీవుల గురించి చెబుతుంది. ఇంట్లో పాఠం మొదలుపెడితే ఆపడానికి గంట కొట్టేవాళ్లుండరు. ఒక ఆదివారం ఐసు డబ్బాలో చిన్న సీసా పెట్టుకుని వచ్చింది. అందులోని బ్యాక్టీరియా, అంబలి పులిసేటప్పుడు ఆ విటమిన్‌ను కొంత తయారు చేస్తుందట.

"నన్ను పురుగులు తాగమంటవా?" అన్నాను.

"పెరుగుల ఉండవా? గివి గూడ మంచియే. కానీ ఇది పైపైన సాయమే అమ్మా. సూది మాత్రం మానొద్దు."

సీసాలోది జొన్న అంబలిలో కలిపింది. మా కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. అడుగున గరిటెడు పాతది తోడుగా ఉంచి, దాని మీదే కొత్త పిండి కలుపుతాం. మొదటి గ్లాసు తాగిన రోజంతా కడుపు మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. వాంతులైతే ఎవరిని పిలవాలా అని ఒకటే గుబులు. ఏమీ కాలేదు. పైగా ఆ పులుపు నోటికి హితవుగా ఉంది. ఇంకేం, కుండను నమ్ముకుని దవాఖాన వైపు వెళ్లడం మానేశాను. అమ్మాయి ఫోనులో సూది సంగతి అడిగితే "ఆఁ, అయితుంది" అనేదాన్ని. మంచం దిగిన ప్రతిసారీ మాత్రం పాదాలు నేలకు ఆనాయో లేదో కళ్లతో చూసుకునేదాన్ని. అలా చూసుకోవాల్సి వస్తున్నందుకే భయమేసేది.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు, నేను గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లడం అమ్మాయి చూసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"కండ్లు మూసుకో. నీ బొటనేలు పట్టుకుంట. పట్టుకోంగనే చెప్పు."

మూసుకున్నాను. ఎంతసేపు చూసినా ఆమె పట్టుకోదే.

"పట్టుకోవేందే, జల్ది కానియ్" అన్నాను.

కళ్లు తెరిచాను. నా వేలు ఆమె గుప్పిట్లో ఉంది.

"ఎప్పుడో పట్టుకున్ననమ్మా" అంది.