మునీఫ్ రెండు చీటీలు

ఇర్బిద్ పట్టణంలో మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు మునీఫ్‌ది. కానీ అతను కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఏలకుల కాఫీ చేతిలోనే చల్లారిపోతుంది, కాళ్లు మాత్రం ఆగవు. విద్యార్థులకు ఏ కొత్త సేవ కావాలో కనుక్కోమని డైరెక్టరు పురమాయించాక, వారంపాటు రెండు చీటీలు పట్టుకుని బల్లబల్లకీ తిరిగాడు. ఒకదానిమీద 'రాత్రి ఎనిమిది గంటలదాకా కౌంటరు', రెండోదానిమీద 'పుస్తకాలిచ్చే మిషను'. అడిగిన ప్రతివాళ్లూ ముందు అతని మొహం చూశారు, తర్వాత కౌంటరు చీటీనే ముట్టుకున్నారు. నూటికి నూరుమంది! ఆ లెక్క అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. కౌంటరు దగ్గరికి రోజుకు పదిమందైనా రారని అతనికి తెలియదా?

గురువారం మళ్లీ మొదలుపెట్టాడు. తుమాదిర్ అనే విద్యార్థిని ముందు చీటీలు పరిచి, "నిజం చెప్పు తల్లీ" అన్నాడు.

"మీరుండగా మిషనెందుకు ఉస్తాద్? అది మా అమ్మకి ఒంట్లో ఎలా ఉందని అడుగుతుందా?"

"నా మొహం చూసి చెప్పకు. ఇదిగో, అటు తిరుగుతున్నా" అని గోడకేసి తిరిగి నిలబడ్డాడు. అప్పుడు మాత్రం అతని కాళ్లు కదల్లేదు.

తిరిగి చూసేసరికి తుమాదిర్ లేదు. మిషను చీటీ ముందుకు జరిపి ఉంది. దాని మీద, ఏమీ అనుకోవద్దన్నట్టు, ఒక ఖర్జూరం.

మునీఫ్ ఖర్జూరం నోట్లో వేసుకుని పక్కబల్లకు నడిచాడు. చీటీలు పరిచి, ఎవరూ అడక్కముందే గోడవైపు తిరిగాడు.