నలుగురి నోట ఒకే నవ్వు

కొత్త అపార్ట్‌మెంటులో సామాను దించిన రోజే అతనికి 'పళ్ళాయన' అని పేరు పడిపోయింది. లిఫ్టులో ఎదురింటావిడ "మీరేం చేస్తారండీ?" అని అడిగితే, అలవాటు కొద్దీ "పళ్ళ పనండీ" అన్నాడు. "అయితే మంచివి వచ్చినప్పుడు మాకూ ఓ బుట్ట పంపండి" అందావిడ. కట్టుడు పళ్ళు చేస్తాడని పక్కనున్న అతని చెల్లెలు విడమరచి చెప్పేసరికి ఆవిడ టక్కున నోరు మూసుకుంది. అంతస్తు వచ్చేదాకా మళ్ళీ తెరవలేదు.

అతని పనే అంత, నలుగురికీ కనబడేది కాదు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి ల్యాబుకి పంపిస్తారు. దాన్నిబట్టి ప్లాస్టర్‌తో దవడ పోసి, పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొరమీద పొర వేసి, కొలిమిలో కాల్చి అతను పన్ను తయారుచేస్తాడు. పెట్టుకునేవాళ్ళ ముఖం ఎప్పుడూ చూడడు. ల్యాబులో అందరూ 'మాస్టారూ' అంటారు. పన్ను మరీ తీర్చిదిద్దినట్టుంటే కట్టుడు పన్నని ఇట్టే తెలిసిపోతుందనీ, కాస్త వంకరుంటేనే నోట్లో మొలిచినట్టుంటుందనీ అతని నమ్మకం. డాక్టర్లకీ అదే నచ్చేది.

భార్య పోయి మూడేళ్ళయింది. పాత ఇంట్లో మూడు గదులుంటే అతను వాడేది ఒక్కటే. "ఎవరికోసం ఊడుస్తున్నావన్నయ్యా ఆ గదులన్నీ?" అని చెల్లెలు పోరి పోరి, తన ఇంటికి దగ్గర్లో ఈ చిన్న ఫ్లాటు చూసిపెట్టింది. పొయ్యికి గ్యాసు ఇంకా రాలేదు. గిన్నెలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అందుకని పొద్దున్నే దిగి, చుట్టుపక్కల కేఫ్‌లలో ఎక్కడ కాఫీ బాగుంటుందో చూసుకునే పనిలో పడ్డాడు.

వీధి చివర కేఫ్‌లో కౌంటర్ వెనక ఉన్నావిడ పొట్టిగా, బొద్దుగా, పెద్ద గొంతుతో ఉంది. అతని భార్యకీ ఆమెకీ ఏ పోలికా లేదు. "కొత్తగా దిగారా?" అంటూ కప్పు చేతికిచ్చి నవ్వింది.

అతను ఆ నోటినే చూస్తూ నిలబడ్డాడు.

భార్యకి పైవరసలో కుడివైపు ముందుపన్ను కొంచెం తిరిగి, పక్కదాని భుజం మీదుగా తొంగిచూస్తున్నట్టు ఉండేది. దాని అంచున గోటితో గిల్లినట్టు చిన్న నొక్కు. ఆ పన్నూ, ఆ నొక్కూ ఇప్పుడు ఈ ముక్కూమొహం తెలియని మనిషి నోట్లో ఉన్నాయి. కాఫీ సగంలో వదిలేసి బయటపడ్డాడు. వంకర పళ్ళు ఒక్కళ్ళ సొత్తా ఏమిటని దారంతా తనకు తనే నచ్చచెప్పుకున్నాడు.

మర్నాడు ఆ వైపు వెళ్ళలేదు. బట్టల ఇస్త్రీ దుకాణం పక్కన ఇంకో కేఫ్ ఉంది. అక్కడ ఒత్తు మీసాల పెద్దమనిషి ఒకడు ఫోనులో ఏదో చూస్తూ బన్ను తింటున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. మీసాల కింద భార్య నవ్వింది. పళ్ళాయన చూపు తిప్పుకోలేకపోయాడు. ఆ మనిషి తలెత్తి "ఏమండీ, నా మొహమ్మీద ఏమైనా అంటుకుందా?" అన్నాడు. ఆ నోటినుంచి మగగొంతు రావడం ఇంకా భయంకరంగా ఉంది.

ఇక కేఫ్‌లే వద్దనుకున్నాడు గానీ, కాఫీ లేకపోతే అతనికి చెయ్యి నిలవదు, పని సాగదు. మూడో రోజు మందుల షాపు వెనక సందులో ఉన్నదానికి వెళ్ళాడు. లోపల కిటికీ దగ్గర కునుకు తీస్తున్న పెద్దావిడ తప్ప ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని కూర్చున్నాడు. కునుకులో ఆవిడ తల కొంచెం వాలింది, పెదవులు విడివడ్డాయి. ముఖం నిద్రపోతోంది. నోరు మాత్రం అతన్ని చూసి నవ్వుతున్నట్టుంది.

ఎలా ఇంటికొచ్చాడో అతనికే తెలియదు. చెల్లెలు కర్టెన్లు తగిలిస్తోంది. సంగతి విని స్టూలు దిగింది.

"కొత్తచోటు కదా, నిద్ర పట్టట్లేదా అన్నయ్యా?"

"నిద్రకేం? మీ వదిన పన్ను నాకు తెలీదా?"

"తెలిసే ఉంటుందిలే. అందుకే ఎక్కడ చూసినా అదే కనిపిస్తోంది. ఓసారి కళ్ళు చూపించుకో."

ల్యాబులో అతని పక్క బల్ల దగ్గర మైనంతో పళ్ళ నమూనాలు చేసే ఆవిడ ఉంది. అందరూ మైనం మేడం అంటారు. ఎవరి గొడవలోనూ తలదూర్చే మనిషి కాదు. మధ్యాహ్నం ఆవిడని అడిగాడు. "ఈమధ్య నా పనిలో ఏమైనా తేడా కనిపించిందా?"

ఆవిడ చేతిలోని కత్తి పక్కన పెట్టేసింది. "మీరు కావాలనే పెడుతున్నారనుకున్నాను మాస్టారూ."

"ఏం పెడుతున్నాను?"

ఆవిడ అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. పాత పనుల తాలూకు ప్లాస్టర్ దవడలూ, తయారైన పళ్ళని చివరిసారి సరిచూసుకోవడానికి తీసిన నకళ్ళూ అక్కడ అరల్లో ఉంచుతారు. అతను ఒక్కొక్కటే దింపి బల్లమీద వరసగా పెట్టాడు. వెడల్పు దవడ, ఇరుకు దవడ, ముసలిది, పడుచుది. ముందుపళ్ళు చేసిన ప్రతిదాంట్లోనూ కుడివైపు పన్ను తిరిగే ఉంది, ప్రతి అంచునా ఆ నొక్కు. ఆ బల్ల పొడుగునా తన భార్య, ముఖం లేకుండా, నవ్వుతోంది.

"నాకు తెలీదు," అన్నాడు. "ఒట్టు. నాకు తెలీదు."

"ఈ గదిలోకి ఒక్కదాన్నే రావాలంటే నాకు గుండె దడ మాస్టారూ," అంది ఆవిడ మెల్లిగా. "మీ ఆవిడ ఇదివరకటిలాగే మనల్ని చూడ్డానికి వచ్చి కూర్చున్నట్టుంటుంది."

ఆ రోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనికి కూర్చున్నాడు. కళ్ళార్పకుండా కుంచె కొసనే చూశాడు. పొర సాఫీగా వచ్చింది. ఎవరో పిలిస్తే తల తిప్పి, ఒక మాట చెప్పి, మళ్ళీ చూసేసరికి పన్ను పక్కకి తిరిగి ఉంది. గీకేశాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే. చెయ్యి తనదే, కానీ తన మాట వినడం లేదు.

వారం గడిచాక, ఉండబట్టలేక, సందులోని కేఫ్‌కి వెళ్ళాడు. పెద్దావిడ ఈసారి మేలుకునే ఉంది. అతను పదేపదే చూస్తుంటే తనే పిలిచింది.

"ఏం బాబూ, నన్నెక్కడైనా చూశావా?"

అతను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. "మీ ముందుపళ్ళు కట్టించుకున్నవి కదమ్మా?"

"అయ్యో, తెలిసిపోతోందా! అంతా బాగున్నాయంటున్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "నాకే బాగోలేదు. నొప్పేమీ లేదు. ఏం చెప్పమంటావు, నవ్వొస్తే చాలు చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వస్తోంది. పుట్టి బుద్ధెరిగాక నేనలా చెయ్యలేదు. మా మనవరాలైతే దగ్గరికే రావట్లేదు. నువ్వు నవ్వితే ఇంకెవరో నవ్వుతున్నారమ్మమ్మా, అంటుంది."

భార్య జీవితమంతా అలాగే నవ్వింది, అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఆ పళ్ళు చేసింది నేనేనమ్మా," అన్నాడు. "మళ్ళీ చేసిస్తాను. మీ పాత ఫోటో ఉంటే ఇవ్వండి."

ఫోటోలో ఆవిడ ముందుపళ్ళ మధ్య సందు ఉంది, బియ్యపుగింజ పట్టేంత. డాక్టరుకి చెప్పి ఒప్పించి, కొత్త అచ్చు తెప్పించి, పనికి దిగాడు. మైనం మేడం తన కుర్చీ అతని పక్కకి లాక్కుంది. అతని ముఖం చూడకుండా వేళ్ళనే చూస్తూ కూర్చుంది. వేళ్ళు ఆ వైపు మొగ్గినప్పుడల్లా "ఆగండి" అనేది. అతను ఆగేవాడు. ఓసారి ఆవిడ 'ఆగండి' అన్నా చెయ్యి ఆగలేదు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుని ఆపింది. పట్టుకున్నప్పుడు తగిలిన చలి తన చేతిదో అతని చేతిదో తెలియలేదని తర్వాత చెప్పింది.

సాయంత్రానికి పళ్ళు అయ్యాయి. సందు కుదిరింది. పెట్టించుకున్న మర్నాడే పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని కేఫ్‌కి వచ్చింది. పాప ఆవిడ ఒళ్ళోంచి దిగనే లేదు. తీసేసిన పళ్ళని ఆవిడ కాగితంలో చుట్టి, అతని వైపు జరిపి, చెయ్యి చీరకి తుడుచుకుంది.

అప్పట్నుంచి అతని చెయ్యి మాట వింటోంది. ఎవరి నోటికి తగ్గ పళ్ళు వాళ్ళకి చేస్తున్నాడు. "వెనకటి వాటిల్లో ఏదో ప్రాణం ఉండేదయ్యా" అని ఒక డాక్టరు కొంచెం సణిగాడు, అంతే.

గ్యాసు వచ్చింది. ఆదివారం చెల్లెలూ అతనూ అట్టపెట్టెలు విప్పుతూ కూర్చున్నారు. మాటల్లో చెల్లెలు "వదిన ఉంటే ఈ ఇల్లు చూసి ఏమనేదో" అంది. అతను భార్య నవ్వుని తలుచుకోబోయాడు. కళ్ళూ, జడా, చెంప మీది మచ్చా అన్నీ వచ్చాయి. నోటి దగ్గర ఖాళీ. ఎంత ప్రయత్నించినా అక్కడికి మీసాల మనిషి నోరే వస్తోంది. కాగితంలో చుట్టిన పళ్ళు తెచ్చి విప్పి చూశాడు. అవి పింగాణీ ముక్కలు, నవ్వు కాదు. గబగబా ఫోటోల పెట్టె తీశాడు. ప్రతి ఫోటోలోనూ ఆమె పెదవులు మూసుకుని ఉంది, లేదంటే చెయ్యి అడ్డం ఉంది.

"ఏమైందన్నయ్యా? మొహం పాలిపోయిందేం?"

అతను చెప్పులేసుకుని దిగాడు. ఇస్త్రీ దుకాణం పక్క కేఫ్‌కి వెళ్ళి అడిగాడు. ఆ మీసాల ఆయన వేరే పేటకి ఇల్లు మారాడట. వీధి చివర కేఫ్‌లో కౌంటర్ వెనక ఇప్పుడు వేరే అమ్మాయి ఉంది.

ఇప్పుడతను సెలవు దొరికితే ఊరి మీద పడతాడు. తెలియని పేటల్లో బస్సు దిగి, ఎదురైన కేఫ్‌లోకి వెళ్ళి, అందరి నోళ్ళూ కనబడే చోటు చూసుకుని కూర్చుంటాడు. "ఇన్నేసి కాఫీలు తాగితే ఏమైపోతావు?" అని చెల్లెలు కేకలేస్తుంది. తెలిసినవాళ్ళు కొందరు అతన్ని చూసి, ఈ వయసులో షికార్లు మరిగాడని నవ్వుకుంటారు.

మొన్న ఆదివారం స్టేషను ఎదుటి కేఫ్‌లో ఒక నడివయసు ఆవిడ మాట్లాడుతుండగా పెదవి లేచి, తిరిగిన పన్ను అంచు ఒక్క క్షణం కనిపించింది. అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆవిడ స్నేహితురాలితో ఏవో ఇంటి కష్టాలు చెప్పుకుంటోంది. నవ్వే మాట ఒక్కటీ రాలేదు. చివరికి సంచీ భుజాన వేసుకుని లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అతన్ని చూసింది. ఎప్పట్నుంచో ఎరిగిన మనిషిని చూసినట్టు చూసింది. ఆ తర్వాత వెళ్ళిపోయింది.

అతను ఇంకో కాఫీ చెప్పాడు.