మూడు పూతల కింద మాట

ఎన్నికలొస్తే మా పెదనాన్న గోడల మీద హామీలు రాసేవాడు. మేయరుగా ఎవరు నిలబడ్డా మొదటి హామీ ఒకటే, కాలువలకు మూతలు. అందుకని గోడకు సున్నం కొట్టేటప్పుడు ఆ వరుస వదిలేసి, పాత అక్షరాల మీదే మళ్లీ ఎర్రరంగు దిద్దేవాడు. గెలిచాక ఆ మూతలేవో వాళ్ల నోళ్లకే పడేవి. ఒక వానాకాలం, ఆయనకు అన్నం తీసుకెళుతూ మా పెద్దమ్మ ఆ గోడ పక్క కాలువలోనే పడి కొట్టుకుపోయింది. క్యారేజీ మాత్రం గట్టు మీదే దొరికింది.

తర్వాతి ఎన్నికల్లో నిలబడ్డ కాంట్రాక్టరు స్వయంగా గోడ దగ్గరికొచ్చాడు.

"పెద్దాయనా, ఆ అపశకునం మాట చెరిపెయ్. ముందు పార్కు, తర్వాత ఫౌంటెన్ రాయి."

పెదనాన్న సున్నం కొట్టి, పార్కు అని రాశాడు. ఆరేసరికి పార్కు వెనక నుంచి మూతలు ఎర్రగా తేలాయి. మళ్లీ కొట్టాడు, మళ్లీ తేలాయి. మూడో పూతకీ అంతే.

కాంట్రాక్టరుకు ఒళ్లు మండింది. "కావాలనే చేస్తున్నావా?"

పెదనాన్న కుంచె కడుక్కుంటూ, గోడ వంకే చూస్తూ అన్నాడు.

"చెప్పి చూశాను బాబూ. మా ఆవిడ బతికున్నప్పుడే నా మాట వినేది కాదు."