మస్తాన్‌కు నేను చెప్పిన తుప్పు

2019 ఎండాకాలం. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. ఇరవై రెండేళ్లుగా అవే షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేసి చేసి రక్తమంటేనే విసుగు పుట్టిన రోజులవి. అప్పుడు మా ఊళ్లో ప్రాక్టీసు చేసే మానసిక వైద్యురాలు ఒక కొత్త పని తెచ్చారు. స్కిజోఫ్రీనియా అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు నిజమనిపించే జబ్బు. అది ఉన్నవాళ్ల రక్తంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో చూడాలన్నారు. పోలికకు, ఆ జబ్బు లేని తోబుట్టువుల రక్తం కూడా కావాలి.

మనం పీల్చే ప్రాణవాయువులోనే కొంత భాగం ఒంట్లో దుడుకు అణువులుగా మారి కణాలను దెబ్బతీస్తుంది. శరీరం దాన్ని అదుపు చేయలేకపోతే, అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. దెబ్బతిన్న కొవ్వు నుంచి ఎండీఏ అనే పదార్థం పుడుతుంది. సీరమ్‌లో, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుపు నీటిలో, ఒక రసాయనం కలిపి మరిగే నీళ్లలో ఉంచితే ఎండీఏను బట్టి గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు కోసం నేను చిన్నపిల్లలా గడియారం చూసేదాన్ని.

జమ్మలమడుగు నుంచి మస్తాన్, అతని తమ్ముడు ఖాదర్ వచ్చారు. ఇద్దరిదీ వెల్డింగు షాపు. జబ్బు ఖాదర్‌ది. ఏడాదిగా మాత్రలు సరిగ్గా వేసుకుంటూ మళ్లీ గేట్లు చేస్తున్నాడు. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టారు, రక్తమిచ్చారు. ఆరోజు ఖాదర్ ట్యూబు మాత్రమే పరీక్షకు పెట్టాను. మస్తాన్ అక్కడే కూర్చుని చూస్తున్నాడు.

"ఇదేందక్కా, ఇంత ఎర్రగా వచ్చింది?"

"ఒంట్లో తుప్పు లాంటిదిలే మస్తాన్. ఇనుముకు గాలి తగిలి పడతాది సూడు, అట్ల."

వెల్డింగు చేసేవాడికి ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరని మురిసిపోయాను కూడా.

మూడు వారాలకు డాక్టరమ్మ ఫోన్ చేసి తన గదికి రమ్మన్నారు. వెళ్లేసరికి ఖాదర్ గోడ వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ముందురోజు షాపులో కళ్లకు అద్దం లేకుండా వెల్డింగు మంటలోకి చూస్తూ నిలబడ్డాడట. కళ్లు వాచిపోయాయి. ఆ మంటలోంచి తనకు కబుర్లు వస్తున్నాయన్నాడట.

"మాత్రలు నేనే ఆపిచ్చినా," అన్నాడు మస్తాన్. "తుప్పు పట్టిందన్లా నువ్వు? ఇనుముకు తుప్పు పడితే, దాని మింద ఏం పడతాందో సూసి ఫస్టు అది ఆపుతాం. వీని ఒంట్లోకి రోజూ పోయేది ఆ మాత్రలే గదా!"

నాకు సిగ్గేసింది. ఎవడు తెచ్చుకోమన్నాడు ఇంత తెలివి అని అతని మీద కోపమూ వచ్చింది. కానీ అతని లెక్కలో తప్పు పట్టుకోవడానికి నాకు కాసేపు పట్టింది. నేను ఇచ్చిన పోలికనే అతను షాపు పద్ధతిలో చివరిదాకా నడిపించాడు.

డాక్టరమ్మ ఖాదర్‌కు ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలంటే మస్తాన్ తల అడ్డంగా ఊపుతున్నాడు. అప్పటికే నేను అతని శాంపిల్ కూడా పరీక్షించి ఉన్నాను, ఏ రంగు వస్తుందో నాకు తెలుసు. డాక్టరమ్మను అడిగి అతన్ని ల్యాబుకు తీసుకెళ్లాను. అతని రక్తం మళ్లీ తీశాను, నాదీ తీయించుకున్నాను. రక్తం లేకుండా ఉత్త రసాయనంతో ఇంకో ట్యూబు పెట్టాను. మూడింటినీ మరిగే నీళ్లలో దించి, ఇద్దరం స్టూళ్ల మీద కూర్చున్నాం.

బయటికి తీశాక రసాయనం ట్యూబుకు రంగే లేదు. నాది లేత గులాబీ. మూడోది ఖాదర్ ట్యూబంత చిక్కగా ఉంది.

"ఈ ఎర్రది ఎవర్దక్కా?"

"నీదే."

"నాదా! నేను పుట్టి బుద్దెరిగినాక ఒక్క మాత్ర మింగలేదే!"

"అందుకే సూపిస్తాండా. ఇది మాత్రలతోనే వచ్చేదైతే నీకెట్లొచ్చె? ఈ రంగు అందరికీ ఉంటాది. బీడీతో రావచ్చు, షాపు పొగతో రావచ్చు, జబ్బుతోనూ రావచ్చు. ఎందుకొచ్చిందో ఈ ట్యూబు చెప్పలేదు. అది తెలుసుకుందామనే మీ రక్తం తీస్తాండాం."

మస్తాన్ ట్యూబును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. జేబులోంచి బీడీ కట్ట తీసి నా బల్ల మీద పెట్టాడు.

"వాని మాత్ర యే టయానికి ఇయ్యాల?" అన్నాడు.

ఖాదర్ కుదుటపడి షాపుకు వెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నా ఒక్క మాట ఖరీదు. ఆ గులాబీ రంగంటే నాకు ఇప్పటికీ కుతూహలమే. అది జబ్బుకు కారణమో ఫలితమో నాకు తెలియదు, తెలియదనే చెబుతాను. ఎవరికైనా రిపోర్టు వివరించాక మాత్రం, అర్థమైందా అని అడగడం మానేశాను. అందరూ అయిందనే అంటారు.

"సరే, ఇప్పుడు ఇంటికి పోయి ఏం చేస్తావు?" అని అడుగుతాను.