తల పైకెత్తమన్నారనుకున్నాడు

మాదాపూర్‌లోని ఒక కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు ఇంగ్లిషు మాట్లాడటం నేర్పడం నా ఉద్యోగం. మనం 'పైన' అనో 'మీద' అనో సరిపెట్టుకునే చోట ఇంగ్లిషులో ఆన్, ఓవర్, అబవ్, అప్ అని ఎన్ని మాటలో. పుస్తకం బల్ల మీద ఉంటే ఆన్, లైటు బల్లకు పైన వేలాడుతుంటే అబవ్. బోర్డు మీద బొమ్మలు గీసి ఇదే చెబుతున్నప్పుడు నా ఫోను మోగింది.

నా భర్త ఎలక్ట్రీషియన్. గచ్చిబౌలి అవతల కడుతున్న ఒక టవర్‌లో వైరింగ్ పని చేసేవాడు. ఫోన్ చేసింది అతని తోటి పనివాడు. "అక్కా, పరేషాన్ కాకు. అన్నకు దెబ్బ తాకింది. దవాఖానకు తీస్కపోతున్నం" అన్నాడు.

నేను వెళ్లేసరికి కనుబొమ్మ మీద కుట్లు వేస్తున్నారు. కుడి భుజం ఎముక విరిగింది. పై అంతస్తు నుంచి పరంజా గొట్టాలను బిగించే ఇనుప క్లాంపు జారి అతని మీద పడిందట. హెల్మెట్ లేకపోతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

సాయంత్రం అతను కాస్త మాట్లాడగలిగాక అడిగాను. "ఎవరూ కేకెయ్యలేదా?"

"ఎందుకెయ్యలే? సేఫ్టీ సారు గట్టిగనే మొత్తుకున్నడు. హెడ్స్ అప్, హెడ్స్ అప్ అని."

"మరి పక్కకు జరగలేదా?"

"తల పైకెత్తమన్నడనుకున్న. ఎత్తిన."

నా మొహం చూసి, "గది కాదా దాని అర్థం?" అన్నాడు.

"కాదు. జాగ్రత్త, పక్కకు తప్పుకో అని."

"హెడ్డంటే తల, అప్పంటే పైకి. నేనేం తప్పుగ అర్థం చేస్కున్న?"

"నీ తప్పేం లేదు" అన్నాను.

కట్టు విప్పాక కూడా చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయేది. "ఓవర్‌హెడ్ వర్క్ ఇక వద్దమ్మా" అంది డాక్టరమ్మ నాతో. ఆటోలో వస్తుంటే "ఏందంట?" అని అడిగాడు. తలకంటే ఎత్తులో చేసే పని ఏదీ చెయ్యకూడదట అని చెప్పాను.

"ఇగ ఫ్యాన్లు, లైట్లు ఏం లేవన్నట్టు" అని బయటకు చూస్తూ కూర్చున్నాడు.

ఒక రోజు సెలవు పెట్టి సైటుకు వెళ్లాను. సేఫ్టీ ఆఫీసరు కోస్తా వైపు మనిషి. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ వేశాడు.

"ఆ కేక అన్ని సైట్లలో వేసేదేనండి. నేనేం కొత్తగా అనలేదు."

"అది ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది సార్?"

"ఒడిశా వాళ్లున్నారు, బీహారు వాళ్లున్నారు, మనవాళ్లున్నారు. ఏ భాషలో అరవమంటారు చెప్పండి?"

"జరుగు అంటే మావాళ్లకు తెలుస్తది. హటో అంటే మిగిలినోళ్లకు తెలుస్తది. ఇంగ్లీష్ ఎవలకు తెలుస్తది?" కోపంలో నా మాట మా ఊరి యాసలోకి వెళ్లిపోయింది.

"నేను అరుస్తుంటే మీవారు నా కళ్లముందే తలెత్తారండీ. ఎందుకెత్తారా అని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. ఇప్పుడు మీరు చెబితే తెలిసింది" అన్నాడు. తిట్టాలని వెళ్లినదాన్ని, తిట్టలేక తిరిగి వచ్చాను.

ఆ తర్వాత సైటులో "హటో, జరుగు" అని అరుస్తున్నారని ఆ తోటి పనివాడే చెప్పాడు.

నా భర్తకు లింగంపల్లిలో మోటార్లు బాగుచేసే దుకాణంలో పని దొరికింది. కూర్చుని చేసే పని. చేస్తున్నాడు గానీ మాట తగ్గిపోయింది. రోడ్డు మీద వెనక నుంచి ఎవరైనా గట్టిగా పిలిస్తే మెడ బిగుసుకుపోయి ఉన్నచోటే నిలబడిపోతాడు. పైకి మాత్రం చూడడు.

"ఏం లేదు, పద" అంటాను.

నేను పైకి చూసి చెప్పేదాకా అడుగు వెయ్యడు.