బరాత్ గుర్రానికి నేనేసిన సూది

పాలమూరు జిల్లాలో నా చేతి సూది తినని గుర్రం లేదు. నేను సందు మలుపు తిరిగానంటే చాలు, గుర్రాలు వాటంతటవే మెడ వంచి నిలబడేవి. వెయ్యి గుర్రాలకు టీకాలు వేశాను. ఒక్కదానికీ చుక్క నెత్తురు రానివ్వలేదు.

ఈ మాటలు చాయ్ హోటల్లో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతుంటే చెయ్యి ఆగుతోంది. వెయ్యి కాదు. వంద కూడా కాదు. వేళ్ల మీద లెక్కపెడితే పదకొండు, అందులో రెండు గాడిదలు. మెడ వంచిన గుర్రం ఒకటుంది నిజమే, అది గడ్డి కోసం వంగింది. ఇంకో సంగతి, నేను డాక్టరును కాను. పశువుల దవాఖానలో అటెండరుగా చేసి దిగిపోయినవాణ్ని. ముప్పై ఏళ్లు డాక్టర్ల వెనక సంచి మోసి, గొడ్లను పట్టుకొని, సీసాలు కడిగి, చూసి చూసి సూది వేయడం నేర్చుకున్నాను. రిటైరయ్యాక మా బస్తీవాళ్లు 'డాక్టర్ సాబ్' అంటే కాదనలేదు. ఒక్కసారి కాదని ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు జరిగింది. మహబూబ్‌నగర్ శివార్లలో, మా ఇంటికి నాలుగు సందుల అవతల, పెండ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పే ఆలుమగలు ఉండేవారు. తెల్లటి ఆడ గుర్రం. అతను దాన్ని 'బిడ్డా' అని పిలిచేవాడు. అది పెండ్లికొడుకును మోయడమే కాదు, ఆడేది. డప్పు మొదలైందంటే ముందుకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి నేలను తట్టేది, తల ఊపేది. డప్పు ఆగితే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేది. నేను స్నేహితులను వెంటబెట్టుకుపోయి, డప్పులవాళ్లకు కనుసైగ చేసి మధ్యలో ఆపించి, గాలిలో నిలిచిన ఆ కాలును చూపించేవాణ్ని. అదేదో నేనే నేర్పినట్టు.

దానికి ఏటా ధనుర్వాతం టీకా వేయించాలి. గిట్టలో ఒక మేకు దిగితే చాలు, గుర్రాలకు ఆ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. అంతకుముందు ఏడు పశువుల దవాఖాన డాక్టరమ్మ వేసింది. ఈసారి ముహూర్తాలు దగ్గరపడ్డాయి, ఆమె గొర్రెల టీకాలని ఊళ్లు తిరుగుతోంది. అతను నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వుండంగ ఇంకొకళ్ల తాన్కి ఎందుకు సారూ" అన్నాడు. ఆ మాటకు నేను రెండంగుళాలు పొడుగయ్యాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. మందును మెడికల్ దుకాణం నుంచి ఐసుగడ్డల మధ్య పెట్టుకొని తెచ్చాను. అంతవరకు పని శుద్ధంగానే చేశాను. అతని భార్య గుర్రానికి గడ్డి వేస్తూ నా సంచి వైపు చూసింది.

"పోయినేడు గీ సూదేసినంక మెడ వాసింది సారూ. ఒళ్లంత దద్దుర్లు లేసినయి. రెండు దినాలు మేత ముట్టలే. జర ఆ డాక్టరమ్మకు ఫోన్ జేసి అడుగరాదు?"

అడగొచ్చు. నంబరు నా ఫోన్లోనే ఉంది. కానీ నేను నోరు విప్పగానే ఆమె అడిగేది ఒకటే, సూది నువ్వెందుకు వేస్తున్నావని. పైగా ఆ డాక్టరమ్మకు సూది పట్టడం నేర్పింది నేనేనని బస్తీ అంతా చెప్పి ఉన్నాను.

"అది పోయినేటి మందు చెల్లె, గది వేడి జేస్తది. గిది వేరే" అన్నాను.

వేరే కాదు. సీసా మీద పేరు కూడా అదే.

"ఊకో, డాక్టర్ సాబ్‌కు నువ్వు నేర్పుతవా" అన్నాడు భర్త.

మెడ పక్కన సూది వేశాను. చుక్క నెత్తురు రాలేదు, ఆ ఒక్కటి నిజం. ఇరుగుపొరుగు నలుగురు గోడ మీంచి చూస్తున్నారు. పది నిమిషాలు కాకముందే గుర్రం తల విదిలించింది. కుడికాలు ఎత్తి నేలను కొట్టింది. తర్వాత ఎడమకాలు. మళ్లీ కుడికాలు.

"సూస్తున్నరా, నా సూదికి గుర్రం గూడ ఆడుతాంది" అన్నాను.

"ఏం మందున్నదో గని, మా ఆయనకు గూడ ఒకటెయ్యి సారూ" అంది గోడ అవతలి ఆమె. అందరూ నవ్వారు. నేను తాళం వేసినట్టు చప్పట్లు కొట్టాను. భర్త నా మొహం చూశాడు. నేను నవ్వుతున్నాను కాబట్టి తనూ నవ్వాడు. భార్య నవ్వలేదు.

ఇంతలో దాని మెడ కింద చెమట ధార కట్టింది. పెదవులు ఉబ్బాయి. తెల్లటి ఒంటి మీద పోకచెక్కలంత దద్దుర్లు లేచాయి. ముక్కుపుటాలు విప్పి, ఈల వేసినట్టు ఊపిరి లాగింది. ముందుకాళ్లు మడిచి కూలిపోయింది.

ఇలాంటప్పుడు వెంటనే ఎక్కించాల్సిన మందు ఒకటుంది. డాక్టర్ల సంచిలో అది పై అరలోనే ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ సంచి సర్దింది నేనే. నా సంచిలో ఆ రోజు రెండు సిరంజీలు, దూది, తంబాకు డబ్బీ ఉన్నాయి. లేదని తెలిసి కూడా చెయ్యి పెట్టి వెతికాను, అందరూ చూస్తున్నారని.

"నంబర్ జెప్పు" అంది అతని భార్య నా ముందు నిలబడి. చెప్పాను. ఫోన్ చేసింది ఆమె.

డాక్టరమ్మ పక్క ఊళ్లోనే ఉండటం వాళ్ల అదృష్టం. నా అదృష్టం కూడా. స్కూటీ మీద వచ్చి, సూది మీద సూది వేసి, దాని పక్కనే నేల మీద కూర్చుంది. చాలాసేపటికి గుర్రం లేచి నిలబడింది. చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ నన్ను అడిగింది.

"పోయినసారి ఇట్ల అయిందా అని అడిగే వేసినవా?"

"అడిగిన మేడం. ఏం కాలేదన్నరు" అన్నాను.

భార్య గుర్రం నుదుటిని తన రొమ్ముకు ఆనించుకొని నిలబడి ఉంది. నా వైపు చూసింది. నేను బకెట్ ఎత్తి, మంచి నీళ్లను పారబోశాను, ఏదో పని ఉన్నట్టు.

గుర్రం బతికింది. కానీ అప్పటి నుంచి మెడ దగ్గరికి చెయ్యి వస్తే వెనకకాళ్ల మీద లేస్తుంది. బరాత్ గుర్రానికి మెడ మీదే కదా సింగారమంతా, పూసల పట్టీలు, పూలదండలు. అలా లేచే గుర్రం మీద పెండ్లికొడుకును ఎవరు ఎక్కిస్తారు? ఆ ఏడు ఒక్క బరాత్‌కూ పోలేదు, తర్వాతా పోలేదు. అతను ఆటో నడుపుకుంటున్నాడు. గుర్రాన్ని మాత్రం అమ్మలేదు.

చాయ్ హోటల్లో చెప్పే కథలో మాత్రం ఆ గుర్రాన్ని నేనే బతికించాను. ఒక చేత్తో దాన్ని అదిమిపట్టి, ఇంకో చేత్తో విరుగుడు ఎక్కించాను. ఏళ్ల తరబడి అలాగే ఎక్కించాను. ఈ మధ్య చెబుతుంటే నా గొంతు నాకే వినబడుతోంది.

పోయిన నెల వాళ్లింటికి పోయాను. ఆమె వాకిట్లో జొన్నసొప్ప నరుకుతోంది. రేకుల కింద నిలబడ్డ గుర్రం నన్ను చూసి చెవులు వెనక్కి పెట్టింది. దూరంగానే కూర్చున్నాను. దారి పొడుగునా మనసులో కూర్చుకున్నది చెప్పాను.

"తప్పయింది చెల్లె. నువ్వు ముందుగాల్నే జెప్పినవు, నేను డాక్టరమ్మకు అబద్ధం జెప్పిన. గని గా దినం అది ఆడుతాందనే అనుకున్న. నిజంగ మోసపోయిన. లేకుంటే అప్పుడే ఫోన్ జెయ్యకపోదునా."

ఆమె సొప్ప నరకడం ఆపలేదు.

"అబద్ధం జెప్పిన అన్నవు, మంచిది. ఇంకోటి మిగిలింది" అంది. "డప్పు లేంది అది ఒక్కనాడు ఆడలే. గది నీకెర్కే. అందరిని పట్కొచ్చి సూపెట్టింది నువ్వే."